స్కానులో ఏమీ లేదన్నారు కదా, మళ్ళీ ఇంకో స్కాన్ ఎందుకు?

పక్షవాతం గురించి మన పత్రికలో ఇదివరకు కొన్నిసార్లు రాశాము. బీపీ, షుగరు అదుపులో ఉంచుకోవడం, ఉప్పు తగ్గించడం, పొగాకు మానెయ్యడం, క్రమం తప్పకుండా వ్యాయామాలు చేయించడం – ఇవన్నీ మీలో చాలామందికి తెలిసిన సంగతులే. ఈసారి మాత్రం ఒక స్కాన్ గురించి రాస్తున్నాము. బతికి ఉన్న మనిషి మెదడులో రక్తం ఎక్కడ ఎంత పారుతోందో సుమారు ఒక్క నిమిషంలో పట్టి చూపించే స్కాన్ అది. దీని గురించి రాయడానికి కారణం, మా క్యాజువాలిటీ గుమ్మంలో ఒక కొడుకు అడిగిన ప్రశ్న. ఆ రోజు మేము దానికి వెంటనే సరైన జవాబు చెప్పలేకపోయాము.

ఆ రోజు జరిగింది

అరవై దాటిన ఒక తల్లి. (ఇంటివారి అనుమతితో, ఎవరో తెలియకుండా రాస్తున్నాము.) రాత్రి 10 గంటలకు బీపీ మాత్ర వేసుకుని పడుకుంది. అప్పటివరకు బాగానే ఉంది. తెల్లవారుజామున 5 గంటలకు కోడలు లేపబోతే కుడి చెయ్యి, కుడి కాలు కదల్లేదు. మూతి ఎడమ పక్కకు లాగేసింది. మాట రాలేదు. కళ్ళు తెరిచి అందరినీ చూస్తోంది అంతే. ఇంట్లోవాళ్ళు 108కి ఫోన్ చేశారు. ఆరుంబావుకల్లా మా దగ్గర ఉన్నారు. ఆరున్నర దాటేసరికి తలకు సీటీ స్కాన్ అయిపోయింది.

డ్యూటీ డాక్టరు గారు బయటికి వచ్చి, "స్కాన్ నార్మల్‌గానే ఉందండీ. కాని ఆలస్యం చెయ్యకుండా పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ ఇంకో రెండు స్కాన్లు తీస్తారు" అన్నారు.

కొడుక్కి కోపం వచ్చింది. "నార్మల్ అంటారు, మళ్ళీ ఇంకో స్కాన్ అంటారు. ఏమీ లేనిదానికి డబ్బులెందుకు పొయ్యాలి డాక్టరు గారూ?" అన్నాడు. వెంట వచ్చిన బంధువుల్లో ఒకాయన పావురం రక్తం పూస్తే తగ్గుతుందన్నాడు. ఇంకొకాయన పసరు పోసే ఊరి పేరు చెప్పాడు. ఇంటికి తీసుకెళ్ళిపోదామని ఒకరు, వద్దని ఒకరు. ఆ తర్జనభర్జనలో ఇరవై నిమిషాలు గడిచిపోయాయి.

అప్పుడు మా పెద్ద సిస్టర్ గారు ఆ కొడుకుని పక్కకు పిలిచారు. అతనిది కాలవ కింద శివారు పొలం. "బాబూ, తూము దగ్గర చెత్త అడ్డం పడి మీ బోదెలోకి నీళ్ళు రాకపోతే, ఆ రోజే చేను ఎండిపోతుందా?" అని అడిగారు.

"ఎండదండీ. రెండు మూడు రోజులకి వాడుతుంది. అప్పటికీ నీళ్ళు రాకపోతే ఎండుతుంది."

"మేము తీసిన స్కాన్ చేను పచ్చగా ఉందని చెప్పింది బాబూ. బోదెలో నీళ్ళున్నాయో లేవో అది చెప్పలేదు. అక్కడ తీసేది నీళ్ళని చూసే స్కాను."

అతను ఇంకొక్క మాట అడగలేదు. "అంబులెన్సు ఎక్కించండి" అన్నాడు.

ఆ రోజు తప్పు ఆ కొడుకుది కాదు. "నార్మల్" అనే మాట మాది. "రక్తస్రావం లేదు, కాని రక్తనాళం మూసుకుపోయి ఉండవచ్చు" అని మొదటే చెప్పి ఉంటే ఆ ఇరవై నిమిషాలు మిగిలేవి. ఇప్పుడు మా క్యాజువాలిటీలో ఆ మాట వాడడం మానేశాము.

మామూలు సీటీ ఏం చెబుతుంది?

పక్షవాతం రెండు రకాలు. రక్తనాళం చిట్లి మెదడులోకి రక్తం చేరడం ఒకటి. రక్తనాళంలో గడ్డ అడ్డుపడి రక్తం ఆగిపోవడం రెండోది. ఎక్కువమందికి వచ్చేది రెండోదే. పైకి చూస్తే రెండింటి లక్షణాలూ ఒకేలా ఉంటాయి, కాని వైద్యం పూర్తిగా వేరు. గడ్డ కరిగించే మందును రక్తస్రావం ఉన్న మనిషికి ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మొదట మామూలు సీటీ తీస్తారు. చిట్లిన రక్తం అందులో తెల్లగా వెంటనే కనబడుతుంది.

గడ్డ అడ్డుపడిన రకంలో మొదటి కొన్ని గంటలు ఆ సీటీ దాదాపు మామూలుగానే కనబడవచ్చు. చచ్చిపోయిన భాగం నల్లగా తేలడానికి సమయం పడుతుంది. కాబట్టి పక్షవాతం లక్షణాలున్న మనిషికి సీటీలో ఏమీ కనబడలేదంటే జబ్బు లేదని అర్థం కాదు. ఇంకా కాపాడుకోవడానికి ఏదో మిగిలి ఉండవచ్చని అర్థం.

ఎండిన మడి, వాడిన మడి

మన మెదడు బరువు శరీరం బరువులో సుమారు 2 శాతమే. కాని శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం దానికే కావాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ప్రతి 100 గ్రాముల మెదడుకూ నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 కంటే తగ్గితే నరాల కణాలు పని మానేస్తాయి. చెయ్యి లేవదు, మాట రాదు. కాని ఆ కణాలు ఇంకా బతికే ఉంటాయి. సుమారు 10 కంటే తగ్గితే మాత్రం కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది.

అంటే గడ్డ అడ్డుపడినప్పుడు మెదడులో రెండు రకాల భాగాలు ఏర్పడతాయి. నడిమధ్యన ఎండిపోయిన మడి. అది తిరిగి రాదు. దాని చుట్టూ వాడిపోయిన మడి. పక్క బోదెల నుంచి ఊటగా వచ్చే కొద్ది నీళ్ళతో అది ప్రాణం నిలుపుకుంటూ ఉంటుంది. తూము తెరిస్తే మళ్ళీ పచ్చబడుతుంది. తెరవకపోతే కొద్దికొద్దిగా అదీ ఎండుతుంది. వాడిపోయిన ఈ భాగానికి డాక్టర్లు పెనంబ్రా అని పేరు పెట్టారు. గ్రహణంలో పూర్తి చీకటి చుట్టూ ఉండే పలచని నీడకు ఆ పేరు. ఆస్ట్రప్, సీస్యో, సైమన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1981లో రాసిన వ్యాసంతో ఈ మాట వైద్యలోకంలో స్థిరపడింది.

ఈ ఎండడం ఎంత వేగంగా జరుగుతుంది? అమెరికా నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో ఒక లెక్క వేశారు. పెద్ద రక్తనాళం మూసుకుపోయి వైద్యం అందని పక్షవాతంలో సగటున నిమిషానికి 19 లక్షల నరాల కణాలు పోతాయని తేల్చారు. ఆ లెక్కన మా గుమ్మంలో పోయిన ఇరవై నిమిషాలు 3 కోట్ల 80 లక్షల కణాలు. అయితే ఇది సగటు మాత్రమే. పక్క బోదెలు బాగున్నవారిలో మెల్లగా, లేనివారిలో చాలా త్వరగా జరుగుతుంది. ఈ తేడా గడియారం చూస్తే తెలియదు. మెదడులోకే చూడాలి.

రక్తప్రసరణ స్కాన్ ఎలా తీస్తారు?

కాలవలోకి కాస్త రంగు వదిలి, ఏ మడికి ఎప్పుడు చేరింది, ఎంత చేరింది అని గట్టు మీద నిలబడి చూస్తున్నామనుకోండి. ఈ స్కాన్ చేసేది సరిగ్గా అదే. రోగిని సీటీ బల్ల మీద పడుకోబెట్టి, చేతి నరానికి సూది పెట్టి, అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందును వేగంగా ఎక్కిస్తారు. ఒళ్ళంతా వెచ్చగా అనిపించవచ్చు, నోట్లో ఇనుము రుచి తగలవచ్చు. భయపడనక్కర్లేదు. మందు మెదడులోకి వచ్చి వెళ్ళిపోయేదాకా, సుమారు ఒక నిమిషం పాటు, యంత్రం అదే చోటును మళ్ళీ మళ్ళీ ఫొటోలు తీస్తుంది. రోగి తల కదపకుండా ఉంటే చాలు.

ఆ ఫొటోలన్నీ కంప్యూటరు లెక్క కట్టి, ప్రతి చోటుకూ మూడు విషయాలు చెబుతుంది: రక్తం ఎంత వేగంగా పారుతోంది, ఎంత రక్తం నిలిచి ఉంది, ఎంత ఆలస్యంగా చేరింది. పారుదల బాగా పడిపోయిన చోటు ఎండిన మడి. రక్తం ఆలస్యంగానైనా చేరుతున్న చోటు వాడిన మడి. వీటిని రంగుల పటంగా చూపిస్తుంది. ఆ రంగులు కంప్యూటరు వేసినవే, మెదడు రంగులు కావు.

సాధారణంగా దీనితోపాటే రక్తనాళాల స్కాన్ కూడా తీస్తారు. తూము ఎక్కడ మూసుకుందో అది చూపిస్తుంది. ఎమ్మారైతోనూ ఈ పరీక్ష చేయవచ్చు. అందులో గాడోలినియం అనే మందు వాడతారు. రక్తంలోని నీటినే అయస్కాంతంతో గుర్తు పెట్టి, ఏ మందూ ఎక్కించకుండా ప్రసరణను చూసే పద్ధతి కూడా ఎమ్మారైలో ఉంది.

ఇక్కడిదాకా వచ్చిన దారి

పుర్రె లోపల రక్తం ఎలా పారుతోందో చూడడానికి వైద్యులు చాలాకాలం కష్టపడ్డారు. 1927లో పోర్చుగల్ డాక్టరు ఎగాస్ మోనిజ్ మెడ రక్తనాళంలోకి మందు ఎక్కించి, మెదడు రక్తనాళాలను ఎక్స్‌రేలో చూపించారు. 1940లలో అమెరికాలో సీమర్ కెటి, కార్ల్ ష్మిట్ మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్పించి, రక్తం నమూనాలు తీసి, మొత్తం మెదడుకు అందే రక్తాన్ని కొలిచారు. అయితే ఆ పద్ధతిలో వచ్చేది మెదడంతటికీ కలిపి ఒక్క అంకె. ఏ మూల ఎండుతోందో తెలిసేది కాదు. 1960లలో డెన్మార్క్‌కు చెందిన లాసెన్, స్వీడన్‌కు చెందిన ఇంగ్వార్ రేడియోధార్మిక వాయువులతో మెదడులో ఒక్కొక్క ప్రాంతాన్ని విడివిడిగా కొలవగలిగారు.

1971 అక్టోబర్ 1న లండన్‌లోని ఆట్కిన్సన్ మార్లీ ఆసుపత్రిలో మొట్టమొదటిసారి ఒక రోగి తలకు సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో కార్మాక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. సీటీలో మందు కదలికను బట్టి రక్తప్రసరణను లెక్కకట్టే పద్ధతిని లియాన్ ఆక్సెల్ 1980లో వివరించారు. కాని యంత్రాలకు తగిన వేగం, కంప్యూటర్లకు తగిన బలం రావడానికి ఇంకా ఏళ్ళు పట్టింది.

గడియారం నుంచి పటానికి

1995లో అమెరికాలో జరిగిన పరిశోధన, గడ్డ కరిగించే ఇంజెక్షన్ను 3 గంటల్లోపు ఇస్తే మేలని చూపింది. 2008లో ఐరోపా పరిశోధనతో అది నాలుగున్నర గంటలయింది. 2015 నాటికి, పెద్ద రక్తనాళం మూసుకున్నవారికి గజ్జల దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగడం మేలని కూడా రుజువైంది. అయినా నిద్రలో పక్షవాతం వచ్చినవారి సంగతి తేలలేదు. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. చివరిసారి బాగా ఉన్న సమయం నుంచే లెక్కపెట్టాలి. మా దగ్గరికి వచ్చిన తల్లికి ఆ లెక్కన వచ్చేసరికే ఎనిమిది గంటలు దాటాయి.

2018లో రెండు పరిశోధనలు ఈ పరిస్థితిని మార్చాయి. డాన్ అనే పరిశోధనలో 6 నుంచి 24 గంటల మధ్య వచ్చిన 206 మందిని చూశారు. ఎండిన భాగం చిన్నదిగా ఉన్నవారినే స్కాన్ సాయంతో ఎంచుకున్నారు. గడ్డ తీసినవారిలో 49 శాతం మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగారు. తీయనివారిలో 13 శాతమే. డిఫ్యూజ్-3 అనే రెండోదానిలో 6 నుంచి 16 గంటల మధ్య వచ్చిన 182 మందిని రక్తప్రసరణ స్కాన్‌తో ఎంచుకున్నారు. అక్కడ 45 శాతం, 17 శాతం. మేలు స్పష్టంగా కనబడడంతో రెండింటినీ ముందే ఆపేశారు.

24 గంటలున్నాయి కదా అని మాత్రం అనుకోకండి. వాడిన మడి ఇంకా మిగిలి ఉన్న కొందరికే ఆ అవకాశం. మిగిలినవారికి అంతకు చాలా ముందే అంతా ఎండిపోయి ఉంటుంది.

పటం చెప్పని సంగతులు

ఈ పటం కూడా పొరపాటు పడవచ్చు. రోగి తల కదిలించినా, గుండె బలహీనంగా ఉండి మందు మెల్లగా చేరినా లెక్క తప్పుతుంది. లోపలి సన్నని నాళాల్లో వచ్చే చిన్న పక్షవాతాలు కనబడకపోవచ్చు. మరీ త్వరగా వచ్చిన రోగిలో ఇంకా బతికి ఉన్న భాగాన్ని ఎండిపోయిందని చూపించే సందర్భాలూ ఉన్నాయి. పైగా ఎండిన భాగం పెద్దదిగా ఉన్నా కొందరికి గడ్డ తీయడం వల్ల మేలు జరుగుతుందని 2022, 2023లలో వచ్చిన పరిశోధనలు చూపాయి. అందుకే డాక్టర్లు పటాన్ని ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పరు. వయసు, అంతకు ముందు ఎలా నడిచేవారు, ఇతర జబ్బులు, ఎంతసేపయింది – అన్నీ కలిపి చూస్తారు. త్వరగా వచ్చిన రోగికి ఈ స్కాన్ లేకుండానే వైద్యం మొదలుపెట్టడం కూడా మామూలే.

మీరు తరచూ అడిగే ప్రశ్నలు

కిడ్నీ జబ్బు ఉంటే ఈ మందు ఎక్కించవచ్చా?
కిడ్నీ జబ్బు, డయాలసిస్, ఇంతకు ముందు కాంట్రాస్ట్ మందు పడకపోవడం, గర్భం – వీటిలో ఏది ఉన్నా ముందే చెప్పండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతున్నా చెప్పండి. అంతకు ముందు కిడ్నీ జబ్బు లేనివారికి క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా స్కాన్ తీయవచ్చు. జబ్బు ఉన్నవారికి లాభనష్టాలు బేరీజు వేసి నిర్ణయిస్తారు.

రేడియేషన్ ప్రమాదం కాదా?
సీటీలో రేడియేషన్ ఉంటుంది. మామూలు సీటీ కంటే ఇందులో కొంత ఎక్కువే. కాని మాట, నడక పోతున్న సమయంలో ఆ చిన్న ప్రమాదం కంటే తెలుసుకోవడం వల్ల వచ్చే లాభం ఎక్కువ. తలనొప్పికి ఊరికే తీయించుకునే స్కాన్ కాదిది.

మా ఊరి దగ్గర ఆసుపత్రిలో ఇది లేకపోతే?
మా దగ్గరా లేదు. మేము చేయగలిగింది – రక్తస్రావం ఉందో లేదో చూడడం, తగినవారికి ఇంజెక్షన్ మొదలుపెట్టడం, ముందుగా ఫోన్ చేసి పెద్ద ఆసుపత్రికి పంపడం. పంపేది చేతులెత్తేసి కాదు.

ఇంకో కుటుంబం

అదే నెలలో డెబ్భై ఏళ్ళ ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. శుక్రవారం పొద్దున ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. పసరు తాగిస్తే, మింగలేక కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. శనివారం సాయంత్రం మా దగ్గరికి వచ్చారు. ఆయనకు ఏ రంగుల పటమూ అవసరం కాలేదు. మామూలు సీటీలోనే మెదడు కుడి పక్కన పెద్ద నల్లని మచ్చ, వాపు కనబడ్డాయి. న్యుమోనియాకు వైద్యం చేసి బతికించుకోగలిగాము. ఇప్పటికీ వారానికి రెండు రోజులు ఫిజియోథెరపీకి వస్తున్నారు. పట్టుకుంటే నిలబడతారు.

ఆయన భార్య ఒక రోజు అడిగారు, "మొన్ననే తీసుకొస్తే బాగయ్యేవారా అమ్మా?" అని. బాగయ్యేవారని మేము చెప్పలేదు. బాగయ్యేవారు కాదని చెప్పడానికీ నోరు రాలేదు. తెలుసుకునే సమయం దాటిపోయిందన్నది ఒక్కటే నిజం. వారు తెలియక చేశారు. ఈ వ్యాసం చదివిన మీకు ఇక తెలుసు.

ఇంట్లో అందరూ గుర్తుంచుకోవలసినవి

మూతి వంకర పోయిందా, చెయ్యి పైకెత్తితే పడిపోతోందా, మాట ముద్దగా వస్తోందా చూడండి. ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. తగ్గిపోయినా సరే ఆసుపత్రికి రండి.

చివరిసారిగా బాగా ఉన్నది ఎన్ని గంటలకో కాగితం మీద రాసి తీసుకురండి. "పొద్దున చూశాము" అంటే చాలదు. "రాత్రి 10కి బాగానే మాట్లాడింది" అన్న ఆ ఒక్క మాటతోనే ఆ తల్లి వైద్యం లెక్క మొదలయింది.

వాడుతున్న మందుల అట్టలన్నీ తీసుకురండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మొదటే చెప్పండి.

నోట్లో నీళ్ళు, కాఫీ, పసరు ఏమీ పోయవద్దు. ఆస్పిరిన్ మీరే ఇవ్వవద్దు. రక్తస్రావమేమో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టవద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే వాడిన మడికి అందే కొద్ది రక్తమూ ఆగిపోతుంది. పావురం రక్తం పూయడం వల్ల మెదడులో గడ్డ కదలదు.

"స్కానులో ఏమీ లేదు" అని ఎవరైనా అంటే, "రక్తస్రావం లేదనా, రక్తనాళం మూసుకోలేదనా?" అని అడగండి. అడగడం మీ హక్కు. చెప్పడం మా బాధ్యత.

ఆ తల్లి సంగతి

పెద్ద ఆసుపత్రిలో ఎనిమిది దాటాక స్కాన్ తీశారు. ఎడమ పక్క ప్రధాన రక్తనాళం మూసుకుపోయి ఉంది. ఎండిపోయిన భాగం 18 మిల్లీలీటర్లు, అంటే మూడు నాలుగు చెంచాలంత. వాడిపోయిన భాగం 110 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసంత. మాటకు సంబంధించిన చోటు చాలావరకు ఆ గ్లాసులోనే ఉంది. పదింటిలోపు గడ్డ తీసేశారు.

మూడు నెలల తర్వాత ఆమె చేతికర్రతో నడిచి మా ఓపీకి వచ్చింది. కుడి చేతి వేళ్ళు ఇంకా గట్టిగా పట్టవు. చిన్న చిన్న మాటలు మాట్లాడుతుంది, పేర్లు తడబడుతుంది. మనవణ్ణి కొడుకు పేరు పెట్టి పిలుస్తుంది, తప్పని తెలిసి నవ్వుతుంది. కొడుకు మా సిస్టర్ గారి దగ్గరికి వెళ్ళి, "ఆ రోజు మీరు నీళ్ళ సంగతి చెప్పకపోతే నేను ఇంటికే తీసుకెళ్ళేవాణ్ణండీ" అన్నాడు.

ఆ మాట అందరికీ ముందే తెలిసి ఉండాలనే ఈ వ్యాసం రాశాము. చదివాక పక్కింటివారికి కూడా ఇవ్వండి.